పెద్దాయన తుపాకీకి పూసిన గ్రీజు

గురజాల కోర్టు, మేజిస్ట్రేట్ గారి ఎదుట. తేదీ 24-3-2025, సోమవారం. ఉదయం 11 గంటల 20 నిమిషాలకు మొదలైంది.

నా పేరు షేక్ కరీమున్నీసా. నా భర్త పేరు షేక్ ఖాదర్ వలి. నా వయసు 49 సంవత్సరాలు. ఏడో తరగతి వరకు చదివాను. మా నివాసం గురజాలలోనే. వృత్తి ఏమిటని మేజిస్ట్రేట్ గారు అడిగినప్పుడు ఇంటిపని అని చెప్పబోయి ఆగాను. నా వృత్తి తుపాకుల రిపేరు. ఆ పని చెయ్యడానికి నా పేరు మీద లైసెన్సు లేదు.

ఇష్టమైతేనే చెప్పవచ్చని, చెప్పిన మాట రేపు నాకే ఎదురు తిరగవచ్చని మేజిస్ట్రేట్ గారు ముందే చెప్పారు. ఆలోచించుకోమని అరగంట టైము ఇచ్చారు. బయట బెంచీ మీద కూర్చుని వచ్చాను. రంజాన్ నెల, రోజా ఉపవాసం ఉన్నాను కాబట్టి మంచినీళ్ళు వద్దన్నాను. నన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు.

మాకు బస్టాండు దగ్గర ఒక గది దుకాణం ఉంది. తుపాకుల రిపేరు లైసెన్సు మా మామగారి కాలం నుంచి ఉంది. ఆయన పోయాక మా ఆయన పేరు మీదకు వచ్చింది. పొలాలున్న రైతుల తుపాకులు, బ్యాంకు కాపలా వాళ్ళ తుపాకులు మా దగ్గరికి వస్తాయి. లైసెన్సు కాగితం చూడకుండా ఏ తుపాకీనీ ముట్టుకోము. 2022 నవంబరులో మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. కాలు కొంత తిరిగి వచ్చింది. చెయ్యి రాలేదు. ఆ చేత్తో ఆయన ఇప్పుడు చెంచా కూడా ఎత్తలేరు.

అప్పటి నుంచి తుపాకీ విప్పేది, కడిగేది, నూనె వేసేది నేనే. పెళ్ళయిన కొత్తలో ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న పని. ఆయన ముందు గదిలో కుర్చీలో కూర్చుని వచ్చిన వాళ్ళతో మాట్లాడతారు. నేను తెర వెనక బల్ల దగ్గర పని చేస్తాను. రిజిస్టరులో మాత్రం ఆయన పేరే రాస్తాము. ఈ సంగతి అధికారులకు చెప్పలేదు. దాచాము. ఆ తప్పు మా ఇద్దరిదీ.

2025 ఫిబ్రవరి 3, సోమవారం, ఉదయం పదకొండు గంటలకు దుర్గి మండలం కొత్తరాళ్ళపాడు నుంచి సుధీర్ బాబు గారు జీపులో వచ్చారు. వయసు నలభై లోపు ఉంటుంది. అరవై ఎకరాల మిర్చి, పత్తి ఉన్న ఇల్లు. ఆయన తండ్రిని ఆ ఊళ్ళో పెద్దాయన అనేవారు. పెద్దాయన చనిపోయి మూడేళ్ళయింది. రెండు బారెల్స్ ఉన్న ఆయన తుపాకీ కొడుకు పేరు మీదకు మారింది. తుపాకీని మోసుకొచ్చినవాడు కోటయ్య. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్న మనిషి. తుపాకీ బల్ల మీద పెట్టి, నాకు దణ్ణం పెట్టి, బయట జీపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ తుపాకీ స్థితి చెబుతాను. సంచి విప్పగానే వాసన వచ్చింది. మాడిన వంట నూనె వాసన. బారెల్ లోపల, తూటా పెట్టే చోట, ట్రిగ్గరు దగ్గర అంతా వేరుశనగ నూనె పోశారు. అది ముదిరి గోధుమరంగు జిగురైంది. ఆ జిగురుకు మిరప కారం దుమ్ము అంటుకుని ఉంది. రెండు బొద్దింకలు అందులోనే చచ్చి ఉన్నాయి. ఎడమ బారెల్లో పందివో కుక్కవో బిరుసు వెంట్రుకలు ఉన్నాయి. అవి అక్కడికి ఎలా వచ్చాయో అడగలేదు. అడగాల్సింది.

మా ఆయన సుధీర్ బాబు గారితో, "వంట నూనె ఎవురు పోశారు బాబూ?" అన్నారు.

"ఏదైతే ఏంది? నూనె నూనే గదా!" అన్నారు ఆయన.

నూనె నూనే కాదు. ఈ కేసంతా ఏ నూనె ఎక్కడ అన్నదాని మీదే ఉంది కాబట్టి వివరంగా చెబుతున్నాను. వంట నూనె గాలికి ముదిరి జిగురవుతుంది, పురుగుల్ని పిలుస్తుంది. కొబ్బరి నూనె చలికి గడ్డ కడుతుంది. ఇంజన్‌లో వాడి తీసేసిన నల్ల నూనెలో ఇనప రజను ఉంటుంది, అది బారెల్‌ను గీసేస్తుంది. నా బల్ల మీద ఇవేవీ ఉండవు. పేలిన మసి కడగడానికి కిరసనాయిలు. ట్రిగ్గరుకు, స్ప్రింగులకు పల్చటి మిషను నూనె, అదీ చుక్క మాత్రమే. బారెల్ మడిచే కీలుకు గోరంత గ్రీజు. భుజానికి ఆనించే చెక్క బట్టుకు అవిసె నూనె. బారెల్ లోపల నూనె రాసినా, కాల్చేముందు పొడి గుడ్డతో తుడిచి అద్దంలా చెయ్యాలి. ఇవి కాక నిల్వ గ్రీజు ఒకటి ఉంటుంది. పసుపు రంగులో, చిక్కగా ఉంటుంది. తుపాకీని ఏడాది పాటు బీరువాలో పెట్టేస్తే తుప్పు పట్టకుండా బారెల్ నిండా పెట్టేది అదే. ఆ గ్రీజు లోపల ఉండగా కాల్చకూడదు. గుండ్లకు దారి ఉండదు. బారెల్ చీలిపోతుంది.

సుధీర్ బాబు గారు నిల్వ గ్రీజే కావాలన్నారు. లైసెన్సు రెన్యువల్‌కి తుపాకీ చూపించడం అయిపోయిందని, ఇక ఏడాది దాకా బయటకు తియ్యనని అన్నారు.

ఆ తుపాకీని కిరసనాయిలుతో మూడుసార్లు కడిగాను. కారం దుమ్ము లేచి ముక్కు, కళ్ళు మండాయి. నాలుగు రోజుల పాటు అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే గోళ్ళ నుంచి ఆ మురిగిన నూనె వాసనే వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఇంత రోత తుపాకీ చూడలేదు. కడిగి, ఆరబెట్టి, రెండు బారెల్స్‌లోనూ నిల్వ గ్రీజు పెట్టాను. రెండు మూతులకూ బిరడాలు బిగించాను. ట్రిగ్గరు చుట్టూ ఎర్ర గుడ్డ కట్టాను.

ఫిబ్రవరి 8, శనివారం, సాయంత్రం నాలుగున్నరకు సుధీర్ బాబు గారు తీసుకెళ్ళడానికి వచ్చారు. ఆ రోజు నేను తెర దాటి ముందుకు వచ్చి నేనే చెప్పాను.

"బాబు గారూ, లోపల నిండా గ్రీజు ఉంది. ఎర్రగుడ్డ దానికి గుర్తు. మళ్ళీ కాల్చాలంటే ముందు మా దగ్గరికి తీసుకురండి. ఒక పూట పట్టిద్ది."

"బీరువా తెరిస్తే గదా," అని నవ్వారు.

కోటయ్య అప్పుడు బయట జీపు దగ్గర ఉన్నాడు. నేను తుపాకీ ఎవరిదో ఆ మనిషికి చెప్పాను. మోసే మనిషికి చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం. ఉదయం 9 గంటల 42 నిమిషాలకు సుధీర్ బాబు గారు నా ఫోనుకు చేశారు. మూడు నిమిషాల పాటు మాట్లాడారు. వెనక మైకులో పాటలు, జనం మాటలు వినిపించాయి. దుర్గి నుంచి చెక్కించి తెచ్చిన పెద్దాయన రాతి విగ్రహాన్ని వాళ్ళ మిర్చి కల్లం ముందు ఆవిష్కరిస్తున్నారట. లీడరు ఒకాయన వస్తున్నారట.

"నాన్న బొమ్మకి నాన్న తుపాకీతోనే రెండు రౌండ్లు సెల్యూట్ కొట్టాలమ్మా. ఆ గ్రీజు తియ్యకుండా కాలిస్తే ఏమవుద్ది?" అని అడిగారు.

"బారెల్ పగిలిద్ది. పట్టుకున్నోళ్ళ చేతులు పోతాయి," అన్నాను.

"ఖచ్చితంగా పోతాయా?"

"నా మాట నమ్మండి బాబు గారూ. కాల్చొద్దు."

"గుడ్డ పెట్టి తుడిస్తే?"

"అట్టా రాదు. రాడ్డు కావాల, కిరసనాయిలు కావాల. తుపాకీ పంపండి, మధ్యాహ్నానికి ఇస్తాను."

"సరేలే," అని పెట్టేశారు.

నాకు మనసు కుదురుగా లేదు. 9 గంటల 51 నిమిషాలకు వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపాను. అందులో, "బాబు గారూ, దణ్ణం పెడతా, ఆ తుపాకీ ఎవురూ కాల్చొద్దు, లోపల గ్రీజుంది," అని ఉంది. 9 గంటల 53 నిమిషాలకు రెండు గీతలు, పక్కనున్న మైకు గుర్తు నీలం రంగులోకి మారాయి. ఆయన విన్నారు. ఆ ఫోను ఈ రోజు కోర్టుకు ఇస్తున్నాను. కోటయ్య నంబరు కూడా అందులో ఉంది. ఆ ఉదయం అతనికి నేను ఫోన్ చెయ్యలేదు. తుపాకీ అతని చేతికి ఇస్తారని అనుకోలేదు.

పదకొండు గంటలకు బజారులో ఆటో వాళ్ళు చెప్పుకోగా విన్నాను. పది ఇరవై ఐదుకు తుపాకీ పేలి కోటయ్య ఎడమ చెయ్యి పోయిందని. మధ్యాహ్నానికి ఇంకో మాట వచ్చింది. సాయిబు కక్కుర్తి పడి నాసిరకం గ్రీజు పూశాడని. సాయంత్రానికి ఇంకొకటి. కోటయ్య తాగి, యజమానికి తెలియకుండా బీరువా తీసి తుపాకీ కాల్చాడని. కోటయ్య తాగడు. ఆ ఇంటి బీరువా తాళం చెవి ఆ ఇంటి ఆడవాళ్ళకు కూడా ఇవ్వరు.

మార్చి 11, మంగళవారం, పోలీసు వారు ఆ తుపాకీని గుర్తు పట్టడానికి మా ఆయనను స్టేషనుకు పిలిచారు. నడవలేరని చెప్పి నేను వెంట వెళ్ళాను. కుడి బారెల్ మధ్యలో, బజ్జీకి చీల్చిన మిరపకాయలా చీలి ఉంది. చీలిన చోట పసుపు రంగు గ్రీజు కనిపించింది. నేను పెట్టినదే. అందులో ఆకుపచ్చ తువ్వాలు ముక్క ఇరుక్కుని, సగం కాలి ఉంది. ఎడమ బారెల్ నిండా నా గ్రీజు పెట్టింది పెట్టినట్టే ఉంది. మా ఆయన గుర్తు పట్టానని చెప్పారు. నేను పక్కన నిలబడి నోరు విప్పలేదు. ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

మార్చి 12, బుధవారం, ఉదయం పదిన్నరకు సుధీర్ బాబు గారి తల్లి శేషారత్నం గారు మా ఇంటికి వచ్చారు. వయసు అరవై దాటి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళలో ఆమె మా గడప తొక్కడం అదే మొదలు. చేతిలో ఒక గుడ్డ సంచి. అందులో నుంచి స్వీటు పెట్టె తీసి చాప మీద పెట్టారు. తర్వాత అదే సంచిలో నుంచి ఒక రేకు డబ్బా తీశారు. స్వీటు పెట్టె అడుగున నల్లటి జిడ్డు అంటుకుని ఉంది.

"మీకు ఉపవాసాలని తెలుసులేవే. సాయంత్రం తినండి," అన్నారు.

డబ్బా మూత తీసి చూపించారు. ఎద్దుల బండి ఇరుసుకు పూసే కందెన. నల్లగా, ఎండు గడ్డి పోచలు, మట్టి కలిసి ఉంది. చచ్చిన ఎలుక వాసన వచ్చింది.

"ఏమే కరీమున్నీ, కోటయ్యకి చెయ్యాల్సింది మేం చేస్తాం. వాడు మా ఇంటి మనిషి. నీ మొగుడి లైసెన్సు గూడా నిలబడాల గదా?"

"ఏం చెయ్యమంటారమ్మా?" అని అడిగాను.

"పెద్ద పనేం లేదు. ఈ డబ్బా మీ బల్ల కింద ఉంచు. తెలియక ఇది పూశామని చెప్పండి. పొరపాటుకి ఎవురూ ఉరెయ్యరు."

"తుపాకీలో ఉన్న గ్రీజు పసుపుపచ్చది అమ్మగారూ. ఇది నల్లది."

"రంగు ఎవురు చూస్తారే?"

"నేను చూస్తాను."

ఆమె గొంతు తగ్గించి అన్నారు. "నీ మొగుడు చెయ్యి ఎత్తి ఎన్నేళ్ళయిందో మాకు తెలవదనుకున్నావా? ఆ మాట బయటికి వస్తే దుకాణానికి తాళమే. ఎవురి నోరు ఎంత తెరవాలో నువ్వే చూసుకో."

మా ఆయన మంచం మీద కూర్చుని అంతా విన్నారు. ఆమె వెళ్ళాక ఆ స్వీట్లు దొడ్లో పారేశాను. డబ్బా మాత్రం పారెయ్యలేదు. చాప మీద అది పెట్టిన చోట నల్లటి గుండ్రటి మరక పడింది. సోడా వేసి రుద్దాను, పోలేదు. చాప తీసేశాను. ఆ డబ్బాను 19వ తేదీన దర్యాప్తు చేస్తున్న అధికారికి అప్పగించి రసీదు తీసుకున్నాను.

మార్చి 15, శనివారం, తెల్లవారుజామున, రోజా మొదలయ్యే ముందు తినే సహరీ తిని, మొదటి బస్సుకు గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళాను. కోటయ్య భార్య నాగేంద్రమ్మ వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూసి కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "లోపలికి పో అక్కా, మెలకువగానే ఉన్నాడు," అంది. కోటయ్యకు ఎడమ చేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. మిగతా నాలుగూ లేవు. ఎడమ కంటికి కట్టు కట్టారు. ఆ కన్ను ఉంటుందో లేదో డాక్టర్లు ఇంకా చెప్పలేదు.

కల్లం దగ్గర జరిగింది నేను కళ్ళతో చూడలేదు. కోటయ్య నాతో ఏం చెప్పాడో అదే చెబుతున్నాను.

"గ్రీజు పెట్టింది నేనే కోటయ్యా," అని ముందుగా చెప్పాను.

"నీ గ్రీజుదేం తప్పక్కా? ఇరవై రెండేళ్ళు ఆ తుపాకీ మోశా. ఒక్కసారి గూడా కాల్చనియ్యలా. ఆ రోజు బాబు గారు అందరి ముందర పిలిచి, 'ఒరేయ్ కోటయ్యా, నాన్న దగ్గర నీ అంత నమ్మకంగా చేసినోడు ఇంకోడు లేడు, సెల్యూట్ నువ్వే కొట్టాల' అన్నాడు. ఫోన్లు పెట్టి వీడియో తీస్తన్నారు. నాకు చానా గొప్పగా అనిపించిందక్కా."

"లోపల గ్రీజుందని చెప్పలా?"

"జిడ్డుంది, తువ్వాలుతో తుడవరా అన్నాడు. వేపకర్రతో తువ్వాలు ముక్క తోశాను. సగం పోయి ఆగింది. లాగితే రాలా. బాబు గారికి చెప్పాను. 'కాలిస్తే అదే ఊడి పోయిద్దిలే, లీడరు గారు ఎండలో నిలబడ్డారు, కానీ' అన్నాడు."

"నువ్వు కాల్చేటప్పుడు ఆయన ఎక్కడున్నాడు?"

కోటయ్య ఉన్న ఒక్క కన్నూ మూసుకుని ఆలోచించాడు. "పక్కనే ఉన్నాడక్కా. తూటా పెట్టేటప్పుడు గూడా పక్కనే. ఆ తర్వాత బొమ్మ ఎనకమాలకి పోయాడు. దండ సర్దుతున్నాడేమో అనుకున్నా."

తర్వాత నా వంక చూసి, "ఆయనకి ముందే తెలుసా అక్కా?" అని అడిగాడు.

ఫోన్‌లో నా మాట అతనికి వినిపించాను. 9 గంటల 51 నిమిషాలది. నీలం గీతలు చూపించాను. కోటయ్య ఏడవలేదు, తిట్టలేదు. కుడి చేత్తో దుప్పటి ముఖం మీదకు లాక్కున్నాడు. నేను ఇంకా మంచం పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను పొమ్మనలేదు. దుప్పటీ తియ్యలేదు.

బయటకు వచ్చాక నాగేంద్రమ్మ ఇంకో సంగతి చెప్పింది. పగిలిన బారెల్ ముక్క ఎగిరి విగ్రహానికి తగిలి, చెంప దగ్గర రాయి పెచ్చు ఊడిందట. దాన్ని సరిచెయ్యడానికి మర్నాడే దుర్గి నుంచి శిల్పిని కారు పెట్టి పిలిపించారట. ఆ ఇంటి నుంచి ఆసుపత్రికి ఆ రోజు వరకు ఒక్కరూ రాలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సుధీర్ బాబు గారు ఫోనులో నన్ను అడిగిన ప్రశ్న పిడుగురాళ్ళ దాకా చెవిలో మోగుతూనే ఉంది. ఖచ్చితంగా పోతాయా? చేతులు ఖచ్చితంగా పోతాయా అని అడిగారు. పోతాయని నేను చెప్పాను. పోయే చేతులు ఎవరివైతే బాగుంటుందో ఆయన చూసుకున్నారు.

సాయంత్రం అయిదు గంటలకు ఇల్లు చేరాను. మా ఆయన దుకాణం కుర్చీలో ఉన్నారు. ఆయన ఎడమ బొటనవేలి మీద ఊదారంగు ఇంకు ఉంది.

"ఏందీ మరక?" అని అడిగాను.

రెండోసారి అడిగితే చెప్పారు. నేను లేనప్పుడు, మధ్యాహ్నం రెండింటికి సుధీర్ బాబు గారు టైపు చేసిన కాగితం తెచ్చి వేలిముద్ర వేయించుకుని వెళ్ళారట. నకలు ఒకటి బల్ల మీద ఉంది. చదివాను. అందులో ఇలా ఉంది. "నేను నా స్వంత చేతులతో సదరు తుపాకీని సర్వీసు చేసి, పొరపాటున బండి గ్రీజు వాడాను. పనివాడు కోటయ్య యజమానికి తెలియకుండా తుపాకీ తీసుకుని వెళ్ళి కాల్చాడు."

స్వంత చేతులతో అని రాసిన కాగితం మీద సంతకం చెయ్యడానికి చెయ్యి లేక ఎడమ చేతి వేలిముద్ర వేశారు. ఆ కాగితం రాసిన వాళ్ళకు అది కూడా కనపడలేదు. కుర్చీ దిగి నాలుగడుగులు వెయ్యలేని మనిషికి కొత్తరాళ్ళపాడు కల్లంలో ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది?

"లైసెన్సు ఉండేట్టు చూస్తానన్నాడు కరీమూ," అన్నారు మా ఆయన. "మా నాయన పెట్టిన దుకాణం. నా కళ్ళ ముందర మూతబడితే నేను బతికి ఏం లాభం?"

"కోటయ్యకి నాలుగు వేళ్ళు పోయినయ్. కన్ను గూడా పొయ్యేట్టుంది. దొంగ అని గూడా వెయ్యాల్నా వాడి మీద?"

"వాడు మనకేమవుతాడు?" అన్నారు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో మా ఆయన మీద నాకు కోపం వచ్చింది, జాలి కలిగింది. అసహ్యం అదే మొదటిసారి. సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయ్యాక రోజా విడవడానికి ఖర్జూరం ఆయన చేతికి ఇవ్వాలి, పక్షవాతం వచ్చినప్పటి నుంచి నేనే గింజ తీసి ఇస్తాను. ఆ రోజు పళ్ళెం ముందర పెట్టి పక్క గదిలోకి వెళ్ళాను. ఆయన ఎడమ చేత్తో గింజతో సహా నోట్లో వేసుకుని నములుతున్న చప్పుడు వినపడింది. వెళ్ళి గింజ తీసి ఇవ్వాలనిపించింది. వెళ్ళలేదు.

మూడు రోజులు మాట్లాడుకోలేదు. ఆ మూడు రోజులూ నేను బల్ల దగ్గర పని చెయ్యలేదు. 18వ తేదీన, నేను మేజిస్ట్రేట్ గారి ముందు చెబుతానని ఆయనతో అన్నాను. మన ఇద్దరి మీదా కేసు పడుతుందన్నారు. పడనివ్వండి అన్నాను. నన్ను ఆపడానికి ఆయన మా ఇద్దరికీ తెలిసిన పెద్దలను ఎవరినీ పిలిపించలేదు. 19న పోలీసు వారికి డబ్బా ఇచ్చి, ఇదంతా మేజిస్ట్రేట్ గారి ముందు చెబుతానని అడిగితే ఈ తేదీ వచ్చింది.

ఈ ఉదయం ఆటోలో నాతో పాటు ఆయనా వచ్చారు. దారిలో ఒకే ఒక్క మాట అన్నారు. "ఆ కాగితం చదవకుండా వేలేశానని చెప్పవే." నేను జవాబు ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను. మా ఆయన తెలుగు బాగా చదువుతారు. రోజూ పేపరు చివరి పేజీ దాకా చదువుతారు. ఆ కాగితం కూడా చదివారు. చదివే వేలిముద్ర వేశారు. ఆయన ఇప్పుడు బయట బెంచీ మీద ఉన్నారు. లోపలికి రానన్నారు. ఇంటికి వెళ్ళనూ లేదు.

మేజిస్ట్రేట్ గారు అడిగిన మీదట చెబుతున్నాను. సుధీర్ బాబు గారితో మాకు పాత తగాదాలు ఏమీ లేవు. కోటయ్యతో చుట్టరికం లేదు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఇంకేమైనా చెప్పుకోవాలా అని అడిగారు. దుకాణంలో ఇంకా మూడు తుపాకులు ఉన్నాయి. రెండు బ్యాంకు కాపలా వాళ్ళవి, ఒకటి రెంటచింతల రైతుది. మూడింటినీ శుభ్రంగా కడిగి, బారెల్స్ పొడిగా తుడిచి పెట్టాను. ఏ తుపాకీలో ఏ నూనె ఎక్కడ ఉందో కాగితం మీద రాసి కట్టాను. దుకాణానికి సీలు వేసేముందు వాటిని వాటి యజమానులకు అందించమని కోరుతున్నాను. కోటయ్య మీద పెట్టిన దొంగతనం మాట కొట్టేయమని కోరుతున్నాను. నా కోసం ఏమీ కోరడం లేదు.

నేను చెప్పినదంతా కాగితం మీద పెట్టి నాకు వినిపించారు. ఒక్క చోట ఆపించాను. తుపాకీ సంగతి వచ్చిన చోట "మా దుకాణంలో సర్వీసు చేయబడినది" అని ఉంది. అది కొట్టేసి, "నేను సర్వీసు చేశాను" అని రాయమన్నాను. అలా రాస్తే నాకే ఇబ్బంది అని మేజిస్ట్రేట్ గారు ఇంకోసారి గుర్తు చేశారు. తెలుసని చెప్పాను. దిద్ది రాశారు. దిద్దిన చోట నా పొట్టి సంతకం పెట్టాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది. నాకు తెలిసినంతలో ఇందులో అబద్ధం లేదు, దాచింది లేదు.

(సంతకం)
షేక్ కరీమున్నీసా
తుపాకుల రిపేరు, గురజాల
మధ్యాహ్నం 1 గంట 5 నిమిషాలు